రేవుగోడ మీద చూపు

"కారు వెనక చక్రం మళ్ళీ గరగరమంది," అంది నెట్టా గెడ్డెస్, కూతురి సంచిలో ఇంకో డబ్బా కుక్కుతూ. "శనివారం రొట్టెల దుకాణం నుంచి వస్తుంటే. విస్కీ బట్టీ దాటి ఎత్తు ఎక్కుతామే, అక్కడ."

మోర్వెన్ అద్దం ముందు నిలబడి కొత్త యూనిఫాం కాలరు సర్దుకుంటోంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది. "సాండీ బాబాయి చూశాడమ్మా. మెకానిక్కూ చూశాడు. ఏమీ లేదన్నారు కదా."

"పెరట్లో నిలబెట్టి చూశారు. పెరట్లో ఎవరైనా బుద్ధిగానే ఉంటారు."

పెద్ద రోడ్డు మీద లారీలకు జడిసి నెట్టా ఎప్పుడూ బట్టీ మీదుగా పాతరోడ్డునే వస్తుంది. మోర్వెన్ నడిపితే పెద్ద రోడ్డే. అందుకని ఆ చప్పుడు తల్లికి తప్ప ఎవరికీ వినపడలేదు. నెట్టాకి పొద్దున్నే ఏదో ఒక భయం పొయ్యి మీద పెట్టుకుంటేగాని రోజు మొదలవదు. ఇవాళ కూతురి మొదటి ఉద్యోగం మొదటి రోజు కనుక భయాలకు కొదవలేదు. తడి మెట్ల మీద జారితే? ఏ పిల్లాడైనా వేలు కొరికితే? ఎవరి దగ్గో అంటుకుంటే? వీటన్నిటి వెనకా ఇంకొకటి ఉంది. ఏ పసిబిడ్డ కంట్లోనో ఘోరమేదో దాక్కుని ఉండి, ఈ పిల్ల దాన్ని చూడకుండా వదిలేస్తే? అది మాత్రం నెట్టా నోటితో అనలేదు. గాజుగిన్నెలో గంజి కలిపింది. అనకపోయినా మోర్వెన్ విన్నది. గ్లాస్గోలో చదివినన్నాళ్ళూ తనకూ అదే భయం.

తల్లిని ఆవిడ పనిచేసే రొట్టెల దుకాణం దగ్గర దింపి, మోర్వెన్ కొండ మీది ఆసుపత్రికి వెళ్ళింది. కళ్ళ విభాగంలో తను పనిచెయ్యబోయే గదులు భవనం నడిబొడ్డున ఉన్నాయి. విభాగానికి పెద్దగా ఉన్న రోనా ఫార్కర్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, చేతిలో చల్లారిన టీ.

"ఇక్కడ కిటికీలు లేవు, తల్లీ. కిటికీ ఉన్న మూలగది ఒకప్పుడు మనదే. వసంతంలో ఇంజెక్షన్ల వాళ్ళకిచ్చేశారు, వాళ్ళ రోగులకి కుర్చీలు చాలడంలేదని. బయట వానో ఎండో డూగల్ చెబుతాడు."

ముందుబల్ల దగ్గర కూర్చునే డూగల్ కాగితాల్లోంచి తలెత్తి, "వాన," అన్నాడు.

రెండు కళ్ళూ ఒకే చోటికి చూస్తున్నాయా, చూసిన రెండు బొమ్మలూ లోపల కలిసి ఒకటవుతున్నాయా, మోర్వెన్ లాంటి ఆర్థాప్టిస్టు కనిపెట్టవలసింది అది. కత్తులుండవు, మత్తుమందుండదు. చెంచా ఆకారంలో నల్లటి మూత, గాజు పట్టకాలు వరసగా పొదిగిన బద్ద, పిల్లల చూపుని లాగే బొమ్మలు నాలుగు. మిగతాదంతా ఓపిక. మొదటి పూట మోర్వెన్ ఆ బద్దని తుడిచి తుడిచి పెట్టుకుంది. గాజు మీద తన వేలిముద్ర పడినా ఏదో తప్పు జరుగుతుందన్నట్టు.

తప్పు మధ్యాహ్నమే జరిగింది. మూడేళ్ళ పిల్లాడొకడు తల్లి ఒడిలో కూర్చున్నాడు. మోర్వెన్ పసుపుపచ్చ బాతుబొమ్మని వాడి ఎడమవైపునుంచి కుడివైపుకి నడిపించింది. కుడికన్ను మధ్యదాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ నడిపించింది. మళ్ళీ ఆగింది. కన్నుని బయటికి లాగే నరం పనిచెయ్యకపోతే అలా ఆగుతుంది. ఆ నరం ఎందుకు చచ్చుబడుతుందో పుస్తకంలో ఉన్న కారణాలన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి, అన్నిటికన్నా చెడ్డది ముందుగా. ఆపరేషన్ల గదినుంచి డాక్టర్ ఇన్నెస్‌ని పిలిపించింది.

ఆయన తలకి గుడ్డటోపీతోనే వచ్చాడు. బాతుని చూశాడు, పిల్లాణ్ణి చూశాడు. జేబులోంచి తన కారు తాళాలు తీసి, పక్కగా పట్టుకుని గలగలలాడించాడు. పిల్లాడి కన్ను కుడిమూల దాకా సాఫీగా వెళ్ళి తాళాల మీద నిలిచింది.

"వీడికి బాతంటే ఇష్టం లేదు," అన్నాడాయన. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

పిల్లాడి తల్లి మాత్రం ఆయన వచ్చేలోగా పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకుంది. మోర్వెన్ ఆ పెదవినే చూస్తూ నిలబడింది.

వాళ్ళు వెళ్ళాక రోనా తలుపు దగ్గరగా వేసింది. "నీకు అనుమానం రావడం తప్పు కాదు. ఒక్క బాతుతో ఆగిపోవడం తప్పు." అంతే అంది. మర్నాడు పొద్దున్నకి మోర్వెన్ బల్ల మీద తుప్పుపట్టిన తాళాల గుత్తి ఒకటి, దానికి ఎర్ర రిబ్బను. "ఆసుపత్రి తాళాలు ఇక మనమ్మాయి దగ్గరే," అన్నాడు డూగల్, దారిన పోతున్న ప్రతివాళ్ళతోనూ. మోర్వెన్ నవ్వింది. నవ్వకపోతే ఇంకో వారం సాగదీస్తాడని తెలుసు.

ఆ మొదటి రోజు సాయంత్రమే కారులో నెట్టా అంతా విని, ఒళ్ళోని సంచిని గట్టిగా పట్టుకుంది. "పాపం ఆ తల్లి. ఇవాళ ఆవిడ గొంతులోకి ముద్ద దిగుతుందంటావా?"

"దిగుతుందమ్మా. ఏమీ లేదని తేలిందిగా."

"తేలితే మాత్రం?" అంది నెట్టా. "మళ్ళీ నీకేదైనా అనుమానమొస్తే అప్పుడు పిలుస్తావా, పిలవ్వా?"

ముందు లారీ వెళుతోంది. మోర్వెన్ దాని వెనకే నెమ్మదిగా పోనిచ్చింది.

*

బుధవారం పొద్దున రోనా నడవాలోనే ఒక ఫైలు అందించింది. "ఊనా కౌవీ, ఐదేళ్ళది. ఇది నాలుగో రాక. ముగ్గురం మూడుసార్లు చూశాం, మూడుసార్లూ బాగానే ఉంది. తల్లి వదలడంలేదు. నువ్వూ చూడు. బాగుంటే ఇక రానక్కర్లేదని చెప్పి పంపించెయ్. ఆ అపాయింట్‌మెంటు కోసం ఎంతమంది కాచుకునున్నారో నీకు తెలీదు."

పిల్ల తల్లి లోర్నా కౌవీ కోటు విప్పలేదు. కుర్చీ అంచున కూర్చుంది, ఏ నిమిషాన లెమ్మంటారో అన్నట్టు. పిల్ల మాత్రం తన ఇంటికొచ్చినట్టే ఎత్తుకుర్చీ ఎక్కేసి, "ఈగ ముందా, బొమ్మలు ముందా?" అని అడిగింది.

"నీకేది ముందు కావాలి?"

"ఈగ."

రంగు కళ్ళజోడు పెట్టి ఈగ పటం ముందుంచితే, ఊనా వేళ్ళు కాగితానికి అంగుళం పైన గాలిలో ఆగి రెక్కల్ని చిదిమాయి. రెండు కళ్ళూ కలిసి పనిచేస్తేనే ఆ రెక్కలు అలా పైకి లేస్తాయి. గోడకున్న బొమ్మలన్నీ ఒక్కో కన్నుతోనూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మోర్వెన్ నల్లమూతని ఒక కంటి మీదనుంచి ఇంకో కంటి మీదికి మార్చింది. ఎడమకన్ను మీద మూత తియ్యగానే, ఆ కన్ను కాస్త బయటినుంచి లోపలికి జరిగి సర్దుకుంది. వరసలోంచి పక్కకి అడుగేసిన పిల్ల టీచరు చూసేలోగా మళ్ళీ వరసలోకి దూరినట్టు. చాలామందికి అంతమాత్రం ఉంటుంది. ముందు చూసిన ముగ్గురూ అదే రాశారు. ఉంది, కానీ అదుపులో ఉంది.

మోర్వెన్ మూత పక్కన పెట్టింది. "ఇంట్లో మీకేం కనిపిస్తోంది?"

"అందులో రాసుంటుందిగా," అంది లోర్నా.

"రాసుంది. మీ నోటితో వినాలనుంది."

లోర్నా ఆమెను తేరిపార చూసింది. కొత్తపిల్ల అని అర్థమైనట్టుంది. "ఎడమకన్ను పోతుంది. చెవివైపుకి. ఆ కన్నునొక్కదాన్నీ ఎవరో పక్కనుంచి పిలిచినట్టు. పొద్దున్నపూట ఎప్పుడూ పోదు, అదే నా ఖర్మ. మీరేమో పొద్దున్నే రమ్మంటారు."

"ఫోన్లో తియ్యలేదా?"

"తియ్యకుండా ఉంటానా? ఫోనెత్తగానే ఇది ఫోన్ వంక చూస్తుంది. చూడగానే కన్ను ఇంటికొచ్చేస్తుంది. నా ఫోన్ నిండా చక్కటి కళ్ళున్న పిల్ల." నవ్వబోయి మానేసింది. "మా అత్తగారంటుంది, మొగుడు సముద్రం మీద ఉంటే దీనికి పిల్ల కళ్ళు లెక్కపెట్టడం తప్ప పనిలేదు అని. పోయినసారి ఇక్కడే ఒకావిడ అడిగింది, మీరు సరిగ్గా నిద్రపోతున్నారా, ఇంట్లో అంతా కులాసాయేనా అని. మర్యాదగానే అడిగిందిలెండి."

"అమ్మ ఎప్పుడూ నా కళ్ళే చూస్తుంది," అంది ఊనా, ఈగ రెక్కల్ని ఇంకా చిదుముతూ. "నేను సూపు తాగుతున్నా చూస్తుంది."

తల్లి ముఖం కందిపోయింది. మోర్వెన్ చూపు దించుకుంది. ముందు కాగితాల్లో ఉన్న 'తల్లి ఆందోళన' అనే మాట గుర్తొచ్చింది. అది జబ్బు పేరు రాసినంత చక్కగా రాసి ఉంది.

"ఎక్కువ ఎక్కడ పోతుంది? ఏ చోట?"

ఇంతవరకు ఎవరూ అడగలేదేమో, లోర్నా కొంచెం ఆలోచించింది. "రేవుగోడ మీద. వాళ్ళ నాన్న పడవ వచ్చే రోజు ఇద్దరం వెళ్ళి కూర్చుంటాం. పడవ ఇంకా చుక్కంత కూడా ఉండదు, ఇది అట్లా చూస్తూ కూర్చుంటుంది. అప్పుడు."

మోర్వెన్ గోడకున్న బొమ్మల వైపు చూసింది. ఆరు మీటర్లు. ఆ గదిలో అంతకన్నా దూరం లేదు. ఆరు మీటర్ల దాకా ఈ పిల్ల పట్టుకుని ఉండగలదు. తరవాత సంగతి ఈ గదిలో ఎవరికి తెలుస్తుంది?

రోనా నడవాలో ఎవరి బిడ్డకో కంటికి పట్టీ అంటిస్తోంది. మోర్వెన్ పక్కన నిలబడి చెప్పింది. "బయటికి తీసుకెళ్ళి దూరానికి చూపిస్తాను."

"మూలగదిలో ఉన్నప్పుడు మేమూ చూపించేవాళ్ళం, చర్చి గడియారం," అంది రోనా పట్టీ అంచులు నొక్కుతూ. "ఇప్పుడక్కడ సూదులు గుచ్చుతున్నారు. బయట ముగ్గురు కూర్చునున్నారు, చూశావా? నీ భోజనం వేళలో నువ్వేం చేసుకుంటావో నేనడగను."

భోజనం వేళకి మోర్వెన్, తల్లీకూతుళ్ళూ అంబులెన్సులు నిలిచే చోటు వెనక్కి వెళ్ళారు. అక్కడో పొట్టిగోడ, దాని కింద గడ్డి వాలు. మామూలుగా అక్కడినుంచి సముద్రమంతా కనిపిస్తుంది. ఆ రోజు పొగమంచు ఒడ్డెక్కి వచ్చింది. ఎదురుగా నిలిపిన కార్లలో మూడోది కూడా కనపడటంలేదు. మోర్వెన్ కార్ల వైపు చూపించింది, దీపస్తంభం వైపు చూపించింది. ఊనా కళ్ళు రెండూ బుద్ధిగా ఆమె వేలు వెంటే తిరిగాయి.

"సముద్రం ఎక్కడికెళ్ళింది?" అనడిగింది పిల్ల.

"చూశారా," అంది లోర్నా, కోటు గుండీలు పైదాకా పెట్టుకుంటూ. "సముద్రం కూడా మీ పక్షమే."

మోర్వెన్ సంచిలోంచి తన తల్లి పెట్టిన డబ్బా తీసింది. ఓట్ బిస్కట్లు, జున్ను. గోడ మీద పెట్టుకుని ముగ్గురూ తిన్నారు. "శుక్రవారం రండి," అంది చివరికి. "బడి అయ్యాక. బాగా అలిసిపోయి ఉన్నప్పుడు. దారిలో నిద్రపోనివ్వకండి."

లోపలికి వెళ్ళాక రోనా అడిగింది. "ఏం తేలింది?"

"ఏమీ కనపడలేదు. పొగమంచు. శుక్రవారం మళ్ళీ రమ్మన్నాను."

రోనా కళ్ళజోడు తీసింది. "నాలుగుసార్లు బాగుంటే ఐదోసారా? సోమవారం బాతు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు మోర్వెన్. డాక్టరూ మరిచిపోయాడు. కానీ ఇలా ప్రతి తల్లి మాటకీ నువ్వు..."

"ఒక్క బాతుతో ఆగొద్దని మీరే అన్నారు."

డూగల్ తన బల్ల దగ్గర కాగితాలు తిప్పడం ఆపేశాడు. రోనా ఆ కొత్తపిల్లని, ఆ వదులు చొక్కాని, కాసేపు చూసింది.

"శుక్రవారం. అదే ఆఖరు. అప్పుడూ కనపడకపోతే ఆ తల్లితో ఇక రావద్దని నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

*

గురువారమంతా మంచు వీడలేదు. శుక్రవారం పొద్దున నెట్టా కిటికీ తెర తొలగించి, "పడమటి గాలి. మంచు తేలిపోతుంది," అంది. కూతురు ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరో తల్లి, ఎవరో బిడ్డ, ఇవాళ తేలాలి అని మాత్రమే చెప్పింది. నెట్టాకి అది చాలు. రాత్రంతా ఆ తల్లి తనే అయినట్టు కళ్ళ కింద నీడలు.

"కనపడకపోతే నీ ఉద్యోగం?"

"ఉద్యోగం ఎక్కడికీ పోదమ్మా."

"పోయేముందు అందరూ అలాగే అనుకుంటారు." మళ్ళీ తనే, "కనపడితే ఆవిడకి?" అంది. మోర్వెన్ కారు తాళంచెవి తిప్పుతూ, "కనపడితే మంచిదేగా, నమ్ముతారు," అంది. నెట్టా కిటికీ వైపు తల తిప్పుకుంది.

సాయంత్రానికి ఆకాశం కడిగినట్టుంది. సముద్రం అంచున గాలిమరలు, బట్టకి గుచ్చిన గుండుసూదుల్లా. ఊనా బడి స్వెట్టర్‌లో వచ్చింది. వేళ్ళకి నీలిరంగు, ఒక బూటు తాడు ఊడిపోయి ఉంది. లోర్నా ఈసారి కూడా కోటు గుండీలు పైదాకా పెట్టుకునే ఉంది. మోర్వెన్ పిల్లని అదే పొట్టిగోడ మీద కూర్చోబెట్టి, తను గడ్డివాలులో కిందికి దిగి నిలబడింది, పిల్ల చూపు తన తలమీదుగా పోయేటట్టు. గడ్డిలో తడి బూట్లలోకి దిగుతోంది.

"ఆ గాలిమరలు లెక్కపెట్టు ఊనా."

ఊనా లెక్కపెట్టింది. కళ్ళు రెండూ తిన్నగా, తీగలాగి కట్టినట్టున్నాయి. ఒకటి తప్పిపోతే మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అంతే. పిల్లకి పని చెబితే పిల్లతోపాటు కన్నూ పనిలో ఉంటుంది. గదిలో ముందు చూసిన ముగ్గురూ చేసింది అదే, తనూ అదే చేస్తోంది. చెప్పు, చూడు, ఏం కనిపిస్తోంది అని.

మోర్వెన్ అడగడం మానేసింది.

ఊరికే నిలబడటం కష్టమైన పని. లోపల ఎవరో తన పేరు పిలిచినట్టనిపించింది. లోర్నా ఏదో అనబోతే మోర్వెన్ చెయ్యెత్తి ఆపింది. ఊనా మడమతో గోడని తన్నుతూ, ఏదో బడిపాట ముక్క గొణుక్కుంది. తరవాత గొణగడం కూడా ఆపింది. ఇద్దరు పెద్దవాళ్ళున్నారన్న సంగతి మరిచిపోయింది. సముద్రం వంక, సముద్రానికీ అవతలికి చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు ఎడమకన్ను జారింది. ఎవరూ తొయ్యకుండా తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు, మెల్లగా, చెవివైపుకి. పోయి అక్కడే ఉండిపోయింది.

మోర్వెన్ కదల్లేదు. లోర్నా పిల్ల వంక చూడటంలేదు, మోర్వెన్ ముఖం వంకే చూస్తోంది.

"లోపలికెళ్ళి రోనా గారిని పిలుచుకురండి," అంది మోర్వెన్ పెదవులు కదిపీ కదపనట్టు. "పరుగెత్తకండి."

రోనా వచ్చింది, భుజాన స్వెట్టర్, చేతిలో ఎప్పటి టీయే. అడుగుల చప్పుడికి ఊనా తల తిప్పింది. కన్ను చటుక్కున లోపలికొచ్చేసింది. రెండు కళ్ళూ తిన్నగా రోనాని చూశాయి. సోమవారం డాక్టర్ ఇన్నెస్ తాళాలు గలగలలాడించినప్పుడు కూడా ఇలాగే అయింది.

రోనా కప్పు గోడ మీద పెట్టి, పావడా అంచు ఎత్తిపట్టుకుని, తడి గడ్డిలోకి దిగి మోర్వెన్ పక్కన నిలబడింది. "నాన్న పడవ ఏ రంగు, ఊనా?"

"నీలం. తెల్లగీత ఉంటుంది."

"ఇవాళ వస్తుందా?"

"రేపు," అంది ఊనా. అయినా ఒకవేళ ఇవాళే వస్తుందేమోనని సముద్రం వైపు తిరిగింది.

కాసేపటికి కన్ను జారింది. రోనా చాలాసేపు చూసింది. పిల్ల రెప్ప కొట్టింది, కన్ను రాలేదు. రెండోసారి కొట్టింది, రాలేదు.

"ఇందాకా ఇలాగే ఉండిపోయిందా?"

"మీ అడుగులు వినపడేదాకా."

రోనా తాడుకున్న కళ్ళజోడు తీసి స్వెట్టర్ అంచుతో తుడిచింది. అందులో తుడవవలసిందేమీ లేదు. "ఆ కిటికీ తీసేసుకున్నప్పుడు నేను పెద్ద గొడవ చెయ్యలేదు," అంది ఎవరితోనూ కాదన్నట్టు. తరవాత గోడ దగ్గరికెళ్ళి లోర్నా ఎదురుగా నిలబడింది. "మీరు చెప్పింది నిజం. మూడుసార్లు మాకు కనపడలేదు. తప్పు మాది, మీది కాదు. క్షమించండి."

బుధవారంనుంచి మోర్వెన్ ఈ క్షణం కోసమే కాచుకుని ఉంది. ఈ మాటతో ఆ ముఖం తేటపడుతుందని, ఆ కోటు గుండీలు ఒక్కసారి వదులవుతాయని. లోర్నా గోడ మీద కూలబడింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎక్కడో చూసినట్టు చూసుకుంది.

"ప్రతిసారీ ఇక్కణ్ణుంచి కోపంతో వెళ్ళేదాన్ని," అంది. "బస్సెక్కేదాకా. ఎక్కి కూర్చున్నాక మాత్రం, ఏమీ లేదన్నారుగా అనుకుంటే ఎంత హాయిగా ఉండేదో. మళ్ళీ రేవుగోడ మీద చూసేదాకా ఆ హాయి ఉండేది." ఊనా వంక చూసింది. "ఇవాళ కూడా ఏమీ లేదంటారనే వచ్చాను. నన్ను పిచ్చిదాన్నంటే ఏం పోయింది? పిచ్చిదాన్నే అయుండాలని ఎన్నిసార్లు అనుకున్నానో."

మోర్వెన్ నోట్లో వరసగా పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. వాలు ఎక్కివచ్చి, గోడ మీద ఆమె పక్కన కూర్చుంది. బూట్లలో నీళ్ళు చప్పుడు చేశాయి.

"గుడ్డిదవుతుందా?"

"కాదు."

"మళ్ళీ చెప్పండి."

"కాదు. ఎడమకన్ను కుడికన్నంత బాగానే చూస్తోంది. దగ్గరగా ఉన్నవాటికి రెండూ కలుస్తున్నాయి, ఈగ రెక్కలు చిదిమింది చూశారుగా. దూరానికి వదిలేస్తోంది. ఎవరూ చూడకుండా వదిలేస్తే, రానురానూ ఎక్కువసేపు వదిలేసేది. మెదడు ఆ కంటి బొమ్మని పక్కన పెట్టడం నేర్చుకునేది. ఇంకా నేర్చుకోలేదు."

"ఆపరేషనా?"

"కావచ్చు, కొన్నాళ్ళ తరవాత. అక్కర్లేకపోవచ్చు. ముందు కళ్ళజోడు పెట్టి చూస్తాం. ఎంత పక్కకి పోతోందో ఇక్కడే, ఇప్పుడే కొలుస్తాను. డాక్టర్ ఇన్నెస్‌కి నేనే చెబుతాను." తర్వాతి మాట పుస్తకంలో లేదు. "మీకు భయమేసినప్పుడు ఇక్కడికి ఫోన్ చెయ్యండి. నన్నడగండి."

లోర్నా తలూపింది. కాసేపటికి కోటు పైగుండీ తీసింది, ఊపిరాడనట్టు.

మోర్వెన్ పట్టకాల బద్ద తెచ్చింది. ఎడమకన్ను ముందు ఒక్కో గాజూ కిందికి జరుపుతూ, నల్లమూతని అటూ ఇటూ మారుస్తూ, కన్ను కదలిక ఆగిపోయే గాజు కోసం వెతికింది. గాలికి బద్ద కదిలిపోతోంది. రోనా వెనకనుంచి ఆమె మోచేతికింద తన అరచెయ్యి ఆనించి పట్టుకుంది, కొలత అయ్యేదాకా.

"ఈగ ఎప్పుడు?" అంది ఊనా.

లోపలికి వెళుతూ రోనా ముందుబల్ల దగ్గర ఆగింది. "డూగల్, వచ్చేవారంనుంచి నా సాయంత్రాల్లో ఒక గంట బయట గోడ దగ్గర. రాసిపెట్టు."

"వాన పడితే?"

"గొడుగు నువ్వు పడతావు."

*

నెట్టా దుకాణం ముందు నిలబడి ఉంది, మిగిలిపోయిన బన్నుల సంచితో. కారెక్కుతూనే కూతురి ముఖం వెతికింది. "ఏమైంది? కనపడిందా?"

"కనపడింది."

"అయ్యో," అంది నెట్టా. అలా అన్నది ఆ వారంలో ఆవిడ ఒక్కతే.

చౌరస్తా దగ్గర మోర్వెన్ పెద్ద రోడ్డువైపు కాక ఎడమవైపుకి తిప్పింది. రేడియో ఆపేసింది.

"ఇటెందుకు?"

"నువ్వు చెప్పిన చోటికి."

"ఇప్పుడా? వద్దులే. నాకే అలా వినపడిందేమో. సాండీ కూడా ఏమీ లేదన్నాడుగా." నెట్టా సంచి మడత విప్పి మళ్ళీ మడిచింది. "ఆ చప్పుడు ఇవాళ రాదులే. పోనీ, ఇంటికి పోదాం."

విస్కీ బట్టీ దాటింది. తడిసిన బార్లీ వాసన కారులోకొచ్చింది. ఎత్తు మొదలైంది. మోర్వెన్ అద్దం కొంచెం దించి, గేరు మార్చి, తల పక్కకి వంచి వింది. మొదట ఇంజనొక్కటే. వంపు తిరగ్గానే వెనకనుంచి సన్నగా, గచ్చు మీద కుర్చీ లాగినట్టు, గరగరమంది. ఆగింది. మళ్ళీ గరగరమంది.

నెట్టా విన్నావా అని అడగలేదు. తలుపు పిడి పట్టుకుని, ఎదుటి రోడ్డునే చూస్తోంది.

"వినపడిందమ్మా," అంది మోర్వెన్. "రేపే తీసుకెళదాం. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఇదే రోడ్డు మీదికి."

తల్లి పిడి మీంచి చెయ్యి తీసి కూతురి తడిసిన బూట్లకేసి చూసి, వాటి సంగతి ఇంటికెళ్ళాక అడగొచ్చనుకుందేమో, "సరే. నెమ్మదిగా పోనీ," అంది.